ఒక్కటీ పగల్లేదు

"అమ్మా, రేపు హాఫ్ డే. ఎవరో పాత సైన్స్ మేడమ్ పోయారంట," అంటూ మా అమ్మాయి బ్యాగు మంచం మీద పడేసింది. ఆ ఎవరో మా మేడమే. నేనీ రోజు నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేసి నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆవిడ చలవే. అదే బడిలో చదువుతున్న నా కూతురికి ఆవిడ 'ఎవరో' అయిపోయారు.

శ్రీకాకుళం నుంచి ఓడెక్కి మా దీవికి ఉద్యోగానికి వచ్చి, ఆస్టినాబాద్‌లోనే ఉండిపోయిన మనిషి. ఆవిడ రాకముందు మా బళ్లో ల్యాబుకి ఎప్పుడూ తాళమే. గాజు సామానంతా మెయిన్‌లాండ్ నుంచి ఓడలో రావాలి. పగిలితే ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి. ఆ బెడద ఎందుకని బోర్డు మీద బొమ్మ గీసి ప్రయోగం అయిందనిపించేవారు.

మేడమ్ వచ్చి తాళం తీయించారు. "టూటేగా తో జవాబ్ కౌన్ దేగా?" అని అప్పటి హెడ్‌మాస్టరు కేకలేస్తే, "నేనిస్తాను సార్. పిల్లల బుర్రలు తుప్పు పడితే ఎవరిస్తారు?" అన్నారు.

ఎనిమిదో తరగతి మొదటి రోజున ఆవిడకో ఆచారం ఉండేది. క్లాసులో అందరికన్నా భయస్తురాలిని పిలిచి, చేతికో టెస్ట్‌ట్యూబు ఇచ్చి, కింద పడెయ్యమనేవారు. మా ఏడాది ఆ భయస్తురాలిని నేనే. ట్యూబుని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయాను.

"పడెయ్యే! ఏటవుతాది?"

పడేశాను. ఠప్పున పగిలింది. "అయిపోయింది కదా. డరో మత్. ఇంక అందరూ చేతులు పెట్టండి," అని తనే చీపురు తెచ్చి ముక్కలు ఊడ్చారు. గాజు పగలడానికే ఉంది, పగల్లేదంటే ఎవరూ ముట్టుకోలేదనే అర్థం అనేవారు.

లెక్కలు చెప్పినా అంతే. గ్రాఫు పాఠం వస్తే వానలో సీసా పెట్టించి, రోజూ ఎంత నిండిందో కొలిపించి మా చేతే గీయించేవారు. ఏదైనా అడిగితే, తనకు తెలియకపోతే సిగ్గుపడకుండా, "నాకూ తెలీదే, రా చూద్దాం," అనేవారు. ఆ మాట అన్న టీచరు నాకు మళ్లీ తగల్లేదు.

ఆవిడ రిటైరయ్యారు, తాళం మళ్లీ పడింది. ఆ తరవాత బజార్లో కనిపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "మీ అమ్మాయి ఏటి పగలగొట్టిందే?"

"ఏమీ లేదు మేడమ్. ప్రయోగాలు టీవీలో చూపిస్తున్నారంట. రిజల్టు బోర్డు మీద రాసేస్తే వీళ్లు దించుకుంటున్నారు."

శనివారాలు వచ్చి ఊరికే చెప్తానని ఒకసారి బడికి వెళ్లి అడిగారట. టీ ఇచ్చి పంపించేశారు. "టీ మాత్రం బాగుందే," అని నవ్వబోయి ఆగిపోయారు. "నేను చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరేనే."

సంతాప సభ ల్యాబులోనే పెట్టారు. అందుకోసం తాళం తీశారు. బల్ల మీద ఆవిడ ఫొటో, దండ. వెనక అద్దాల బీరువాల్లో గాజు సామాను మిలమిలా మెరుస్తోంది. ఇప్పటి హెడ్‌మాస్టరు మంచివాడే. "యే సబ్ మేడమ్ కీ అమానత్ హై, మాకు అప్పగించి వెళ్లిన సొత్తు. ఆవిడ వెళ్లిన కాడ్నుంచి ఒక్కటీ పగలనివ్వలేదండీ మేం," అన్నాడు. అందరూ తలలూపారు. నాకు ఏడుపు అక్కడ వచ్చింది, ఫొటో చూసినప్పుడు కాదు.

సభ అయ్యాక స్టాండులోంచి ఒక టెస్ట్‌ట్యూబు తీసి మా అమ్మాయి చేతిలో పెట్టాను. తొమ్మిదో తరగతి పిల్ల, దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. అంతలో పక్కనున్న టీచరమ్మ, "బేటా, సంభాల్‌కే," అంటూ నెమ్మదిగా తీసేసుకుని, కొంగుతో తుడిచి, మళ్లీ స్టాండులో పెట్టేసింది. మేం బయటికి రాగానే తాళం వేశారు.

"ఎంత తేలిగ్గా ఉందమ్మా!" అంది మా అమ్మాయి మెట్లు దిగుతూ.

మా షాదీపూర్ వచ్చేదాకా బస్సులో ఒళ్లో అరచెయ్యి సగం మూసి పెట్టుకుని కూర్చుంది, అందులో ఇంకా అది ఉన్నట్టే, కుదుపు వచ్చినప్పుడల్లా రెండో చెయ్యి అడ్డం పెడుతూ.