పట్టు, తొయ్, ఆపు

మా నాయన గొంతులో పుట్టిన క్యాన్సర్‌ను స్వరపేటికతో సహా తీసివేసినప్పుడు, వైద్యం అంతటితో ముగిసిందనే నేను అనుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే కనుక ఆసుపత్రి కాగితాలన్నీ నా చేతికే వచ్చేవి. వాటిలో చివరి కాగితం మీద ‘మాట శిక్షణ, నంద్యాల, ప్రతి గురువారం’ అని ఉంది. దానిని మందుల చీటీల అడుగున పెట్టాను. ప్రాణం దక్కింది, మాట లేకపోతే ఏమి అనుకున్నాను. తలచుకొంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది.

ఎందుకంటే మా నాయన పని అంతా మాటలోనే ఉండేది. ఆళ్లగడ్డలో చెక్కిన రాతి విగ్రహాలను లారీల మీదికి ఎక్కించే ఎనిమిది మంది జట్టుకు ఆయన కేక పెట్టే మనిషి. ‘పట్టు’ అంటే మోకులు బిగించాలి, ‘తొయ్’ అంటే కదిలించాలి, ‘ఆపు’ అంటే ఎక్కడివారక్కడ నిలవాలి. ఇప్పుడు ఆయన మెడకు పెట్టిన రంధ్రం గుండా ఊపిరి తీసుకొంటున్నాడు. ఊపిరి బిగబట్టలేని మనిషి బరువు ఎత్తలేడు. కేక కూడా పోతే ఇక జట్టులో ఆయనకు చోటు లేదు. చప్పట్లు కొట్టించి చూశారు. ఉలుల మోతలో అవి కలిసిపోయాయి. చివరకు ఆయనకు చిన్ననాటి స్నేహితుడైన జట్టు పెద్ద ఇంటికి వచ్చి మెల్లగా చెప్పాడు:

“ఆపు అంటే యినపడాలప్పా. యినపడకపోతే కాళ్లు పోతాయి. ఎండాకాలం దాకా చూస్తాం. ఆపైన ఇంగొకన్ని పెట్టుకోవాల.”

ఆ గురువారమే కాగితం వెతికి తీసి, నాయనతో నంద్యాల బస్సు ఎక్కాను.

శిక్షణ ఇచ్చే మేడం కోసం ఒక నోటుపుస్తకం సిద్ధం చేసుకొని వెళ్లాను. నీళ్లు, అన్నం, నొప్పి, మందు అంటూ నలభై మాటలు గుండ్రని అక్షరాలతో రాశాను. అలాంటి పుస్తకాన్నే అంతకుముందు ఆసుపత్రిలో నాయన చేతికిచ్చి, కావలసిన మాటను వేలితో చూపించమన్నాను. చదువు రాని ఆయన దానిని మర్యాదగా ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. అయినా నాకు బుద్ధి రాలేదు. మేడం నా జాబితా చదివి పుస్తకం మూసింది.

“ఇవన్నీ రోగి మాటలమ్మా. మీ నాయనకు ఏ మాట కావాలో ఆయన్నే అడుగుదాం.”

నాయన లేచి నిలబడి, లేని మోకును రెండు చేతులా పట్టుకొని, కాళ్లు ఎడంగా పెట్టి నోరు తెరిచాడు. ఆ మూడు కేకలేమిటో నేను వివరించాను. ఆమె ముఖం వెలిగిపోయింది. నోటిలోని గాలిని ఆహారనాళంలోకి నెట్టి, త్రేన్పులా పైకి తెస్తూ పలకడమే ఈ పద్ధతి అని చెప్పింది. అందుకు ‘ప’, ‘ట’, ‘త’ వంటి శబ్దాలు ఎంతో అనువైనవట. నేను రాసుకొచ్చిన ‘న’, ‘మ’లు కష్టమైనవట. అంటే ముప్పై ఏళ్లు ఆయన నోట నలిగిన మాటలే అన్నిటికన్నా ముందు తిరిగి రాగలవు! ఆ రోజు ఇల్లు చేరేదాకా నేను సీటులో కుదురుగా కూర్చోలేకపోయాను.

ఐదు గురువారాలు ఉత్త త్రేన్పులే వచ్చాయి. పెండ్లి భోజనం తిన్నోనికి గూడా ఇన్ని రావని అమ్మ ఎగతాళి చేసేది. ఆరవ గురువారం ఒక త్రేన్పు చివర మాట అంటుకొని వచ్చింది. గరుకుగా, లోతుగా, “పట్టు.” నేను నిజంగానే బల్ల అంచు పట్టుకొన్నాను. తిరుగు ప్రయాణంలో కండక్టరు రాగానే నాయన నన్ను ఆగమని చేయి చూపి, తానే “టికెట్” అన్నాడు. “యాడికప్పా?” అన్న ప్రశ్నకు మాత్రం నేనే బదులు చెప్పవలసి వచ్చింది.

మాట వచ్చింది కాని బిగ్గరగా రాదు. దానికీ మేడమే దారి చూపింది: కూరగాయల బండ్లవాళ్లు వాడే చిన్న మైకు.

ఎండలు ముదిరే నాటికి ఒక పెద్ద నంది విగ్రహం లారీ ఎక్కవలసి ఉంది. మెడ రంధ్రంలో రాతి దుమ్ము పడకుండా తడిగుడ్డ, నడుముకు స్పీకరు, నోటి దగ్గర మైకు పెట్టుకొని నాయన నిలబడ్డాడు. తోడు వచ్చిన నేను ఆయన పక్కనే ఉన్నాను. జట్టులో ఒకడు, “ఎర్రగడ్డలు కిలో ఎంతన్నా?” అన్నాడు. నాయన గాలి మింగి, “పట్టు” అన్నాడు. నవ్వుతూనే మోకులు బిగించారు.

“తొయ్.”

నంది కదిలింది. ఏటవాలు పలకల మీద సగం దూరం ఎక్కాక, విగ్రహం కింద దొర్లే దుంగల్లో ఒకటి పక్కకు తిరగడం ఆయనే ముందు చూశాడు.

“ఆపు.”

అందరూ ఎక్కడివారక్కడ నిలిచిపోయారు. జట్టు పెద్ద వంగి దుంగను సరిచేశాడు. ఆ తరువాతి మాటకు నాయనకు గాలి అందలేదు. ఒకసారి ప్రయత్నించాడు, రాలేదు. రెండవసారీ రాలేదు. మోకులు పట్టుకొన్న చేతుల నరాలు ఉబ్బుతున్నాయి. ఆయనకు బదులు కేక వేద్దామని నేను నోరు తెరిచాను.

“నువ్వు గమ్మునుండు పాపా,” అన్నాడు జట్టు పెద్ద, నా వైపు చూడకుండానే. “ఆయప్ప చెప్తాడు.”

ఎవరూ తొందరపెట్టలేదు. నాయన పెదవులు మూసి, తెరిచాడు.

“పట్టు.”

ఎనిమిది మోకులూ ఒక్కసారే బిగిశాయి.