చెర్రీ పలకపై జెన్‌కిచి నడక

షోగునుల ఏలుబడి అంతరించి, పల్లకీలు తిరిగిన దారుల్లో రైలుబండ్లు పరుగులు తీసి, ఫొటోలు తీసే దుకాణాలు వీధివీధినా వెలసి, చెక్క అచ్చు బొమ్మలకు కాలం చెల్లిందని లోకమంతా తేల్చేసిన ఆ రోజుల్లో కూడా, టోక్యో నగరంలోని పీపాలవారి వీధిలో, తెల్లవారగానే అమితాభ బుద్ధుని నామం స్మరించి, కత్తిని కళ్లకద్దుకుని పనికి కూర్చునే అచ్చు పలకలు చెక్కే పనివాడు ఒకాయన ఉండేవాడు. ఆయన పేరు తోమెజో.

ఆ ఏడు ఒక చిత్రకారుడు ఆ వీధినే వానలో గీశాడు: వరుసగా వంగిన చూరులు, తడిసిన గుమ్మపు తెరలు, నడుమ కావడి మోసుకుపోతున్న తోఫు, అంటే సోయా జున్ను, అమ్మే జెన్‌కిచి. ఆ చిత్రం తోమెజో చేతికి వచ్చేలోగా జెన్‌కిచి జ్వరంతో కన్నుమూశాడు. అతడు ఏనాడూ ఫొటో తీయించుకున్నవాడు కాడు. అచ్చయిన మొదటి బొమ్మ తనకే ఇవ్వాలని, బుద్ధుని పీఠం ముందు పెట్టుకుంటానని అతడి భార్య ఒషిజు తోమెజో దగ్గర మాట తీసుకుంది.

గీసిన కాగితాన్నే చెర్రీ చెక్క పలకపై బోర్లించి అంటించి, గీతల వెంట చెక్కడం ఆ వృత్తి ధర్మం. పలక సిద్ధమయ్యేసరికి కాగితం మిగలదు. వానధారలు చెక్కుతుండగా తోమెజో కత్తి జారింది. జెన్‌కిచి ముఖమూ భుజమూ లేచిపోయాయి.

"అతుకేసి ఏదో ఒక ముఖం చెక్కేయండి. అంత వానలో ఎవరు పోల్చుకుంటారు?" అంది ఆయన భార్య ఒఫుమి.

"ఒషిజు వదిన పోల్చుకుంటుందే," అంటూ ఆయన లేచాడు.

ఒషిజు సోయాపాలు వడగడుతోంది. తోమెజో జరిగింది చెప్పగానే గరిటె వదిలేసింది.

"బతికున్నన్నాళ్లూ పీకల్దాకా సాకే తాగించావు, పోయాక తలే తీసేశావా మరిదీ!" అని నవ్వబోయి ఏడ్చింది.

"తప్పయిపోయింది వదినా. అన్న ఎలా నడిచేవాడో ఒక్కసారి నడిచి చూపించు."

"నా నడుం విరగ్గొట్టడానికొచ్చావన్నమాట!" కళ్లు తుడుచుకుని కావడి ఎత్తుకుని, మెడ ఎడమకు వాల్చి, వాన పడకుండా తోఫు మూతపై చేయి ఆనించి, గుమ్మం దాకా నడిచింది.

పలకపై అంతా తిరగేసి చెక్కాలి గనుక ఆమె ఎడమవైపు ఆయన కత్తికి కుడివైపైంది. చెడిన చోటు తొలిచి, అదే జాతి చెక్కముక్క బిగించి, తడిపి, అది ఉబ్బి పలకలో కలిసిపోయాక, ఆ నడకను అందులో నిలిపాడు.

నమూనా అచ్చు చూసి చిత్రకారుడు కనుబొమలు ముడిచాడు. "వీడు నా గీత కాదే?"

"కాదండయ్యా. నా చేతిలో మీవాడు పోయాడు."

చిత్రకారుడు అచ్చును వెలుగుకు పట్టి చూశాడు. "నావాడు బజారుకు పోతున్నాడు. వీడు ఇల్లు చేరేలా ఉన్నాడు. ఉండనీవయ్యా."

మొదటి బొమ్మ పీఠం ముందుకు చేరింది. ఒషిజు దీపం వెలిగించి, బొమ్మలోని భర్తను చూస్తూ, "అలా తడుస్తూ నిలబడతారేం? లోపలికి రండి," అంది. గుమ్మంలో ఉన్న తోమెజో తల వంచి చేతులు జోడించాడు.

ఆ చేతులకు వణుకు రాకుండుగాక. ఒఫుమి పొయ్యి ఆరకుండుగాక. అమితాభుని కరుణ ఆ ఇంటిపై, ఆ ఇంటివారిపై, ఎడతెగని చల్లని వానగా కురియుగాక.