షీబా పోగుచేసిన స్టార్లు

బందరులో హీనా గారి పళ్ళ క్లినిక్‌లో షీబా రిసెప్షనిస్టు. ఫోన్ మ్యాప్‌లో క్లినిక్ పేజీని చూసుకునే పని కూడా ఆమెదే. ఆ సంగతి ఆమె జీతానికి మాత్రం తెలియదు.

రివ్యూలు తక్కువగా ఉన్నాయని డాక్టరు గారు అనేసరికి, షీబా ఆదివారం ఆరాధన అయ్యాక సంఘాన్నే అడిగింది. సాక్ష్యం చెప్పడం అలవాటైన జనం. చర్చి మెట్ల మీదే కూర్చుని అందరూ అయిదేసి స్టార్లు ఇచ్చేశారు. క్లినిక్ గుమ్మం ఎక్కనివాళ్ళు కూడా స్వస్థత పొందామని రాశారు. దొంగ రివ్యూలని రెండు రోజుల్లో మ్యాప్ కంపెనీవాళ్ళు పేజీనే ఆపేశారు. గూడూరు, పామర్రు నుంచి వచ్చే ఫోన్లు ఆగిపోయాయి.

"పేజీ రాకపోతే నువ్వూ రానక్కర్లేదమ్మా," అన్నారు హీనా గారు.

క్లినిక్ నిజంగానే ఉందని చూపడానికి షీబా బోర్డు, గది, కుర్చీ వీడియో తీసి కంపెనీకి అప్పీలు పెట్టింది. మరుసటి ఆదివారం సాక్ష్యాల వేళ లేచి, క్లినిక్‌కి రానివాళ్ళు రాసింది తీసెయ్యమని బతిమాలింది. సంఘంలో పెద్దావిడ ధనమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు.

"చర్చిలో రాసిన మాట నేను చెరపనే."

"పన్ను పీకినా నొప్పి తెలియలేదని రాశావు అత్తా. నీ నోట్లో పీకడానికి పన్నేది?"

"అయితే కట్టించుకుని, అదే రాస్తాను."

అన్నట్టే కట్టించుకుంది. పేజీ కూడా తిరిగి వచ్చింది. దాని మీద ధనమ్మ కొత్త మాట ఉంది: "పళ్ళు బాగున్నాయి. జంతిక నమలనివ్వడం లేదు. మూడు స్టార్లు."

హీనా గారి ముఖం ముడుచుకుంది. "దీన్ని తీయించు."

"వద్దు మేడమ్," అంది షీబా. "దీన్ని చూస్తే మిగతావి నమ్ముతారు."