అమ్మమ్మ వినిపించిన తాళం

తక్కెడలో ఒక పక్క ప్రపంచంలోని పత్రికలన్నీ, ఇంకో పక్క మా అమ్మమ్మ ఫోన్ వేస్తే, ముల్లు అమ్మమ్మ వైపే మొగ్గుతుంది. అనుమానముంటే చూపిస్తాను. తక్కెడ మాత్రం మీరే తెచ్చుకోండి.

ఆమె బట్టలు కుట్టి బతికిన మనిషి. కొండ మీద మేం మాట్లాడే భాషకు పత్రిక లేదు, రేడియో లేదు. అందుకే అరవై దాటాక ఫోన్ పట్టింది. రోజూ పొద్దున్నే, కుక్కర్ కూతలు పడకుండా దుప్పటి ముసుగేసుకుని, మూడు నిమిషాల వార్తలు చెప్పి మా కొండవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడుతుంది.

ఒకరోజు పెద్ద పత్రికలో వచ్చింది: మా ఆసుపత్రి రోజూ తెరిచే ఉంటోందట, రోగులే రావడం లేదట, నెలాఖరుకు ఎత్తేస్తారట. మా చిన్నత్తకు అప్పుడు ఎనిమిదో నెల. ఇంకో ఆసుపత్రికి పోవాలంటే అరపూట దారి.

నిజానికి ఆ తలుపుకు ఎప్పుడు చూసినా తాళమే. అమ్మమ్మకు ఒళ్లు మండింది. "రోజుకొకరు వెళ్లి ఆ తాళం కదిలించి, చప్పుడు రికార్డు చేసి పంపండి," అని గ్రూపులో చెప్పింది. మర్నాటి నుంచి వార్తల చివర తారీఖు, తాళం చప్పుడు, "ఈరోజూ తాళమే" అన్న ముక్క.

తొమ్మిదో రోజు వంతు మేకలాయనది. బద్ధకించి ఇంటి దగ్గరే ఏదో ఆడించి పంపాడు. హడావుడిలో అలాగే పెట్టేసిన అమ్మమ్మ, తర్వాత మళ్లీ విని ఫోన్ చేసింది.

"ఏమయ్యా, ఆసుపత్రి తాళం వెనక మేక అరుస్తోందేంటి?"

"వైద్యానికొచ్చిందేమో వదినా!"

"నీకు చేస్తా వైద్యం!"

మర్నాడు మొదటి వార్తే అది. "నిన్నటిది దొంగ తాళం. సరిగ్గా వినకుండా పెట్టాను. తప్పు నాది."

"పరువు తీశావు కదే అమ్మా!" అని మా అమ్మ తల పట్టుకుంది.

ఆ చప్పుళ్లు ఆ ఫోనూ ఈ ఫోనూ దాటి పైదాకా పోయాయి; ఇరవై రోజులయ్యాక విచారణకు పై అధికారి వచ్చాడు. మా ఆసుపత్రిని చూసే కింది అధికారి ఆ మేకనే గట్టిగా పట్టుకున్నాడు. "అన్నీ అబద్ధాలే సార్, ఈవిడే ఒప్పుకుంది!"

"ఇరవైలో ఒకటి తప్పు బాబూ. అది నేనే చెప్పాను. రోజూ తెరిచామని రాసుకున్న మీ రిజిస్టర్లో తప్పులు మీరెన్ని చెప్పారు?"

పై అధికారి మిగతా పంతొమ్మిది చప్పుళ్లూ విన్నాడు. లేచి వెళ్లి తాళం స్వయంగా కదిలించాడు. అదే చప్పుడు!

ఆసుపత్రి నిలిచింది. సోమవారం వార్తల చివర తలుపు కిర్రుమంది, "చెప్పులు బయట!" అని నర్సు కసిరింది. ఆ కసురుకి కొండంతా ఈలలు. నెల తిరక్కుండా అక్కడి నుంచే ఇంకో చప్పుడొచ్చింది, చిన్నత్త కూతురి మొదటి ఏడుపు.

ఇదంతా రాసి చదివి వినిపిస్తే, అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ అంది:

"ఆ తక్కెడ ముల్లు మొగ్గడం నువ్వు చూశావా? లేదుగా. కొట్టెయ్."