పొలం గట్టు నుంచి వచ్చిన సలహా

తెనాలిలో ఇంటి నుంచే పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. రేపు వాళ్లకు పరీక్ష. నా లినక్స్ కంప్యూటర్లో మూడు రోజులుగా బ్లూటూత్ హెడ్‌సెట్ నుంచి వాళ్ల మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయి. ఈ ఉదయం లినక్స్ గ్రూపులో గోడు వెళ్లబోసుకుంటే, పిట్టలవానిపాలెం రైతు ఒకాయన నంబరు అడిగి ఫోన్ చేశారు. వెనక వరికోత మిషన్ మోత.

"అక్కా, కంప్యూటర్‌కి గుచ్చిన ఆ చిన్న బ్లూటూత్ డాంగిల్ పక్కన ఏముందండి?"

"యూఎస్‌బీకి తగిలించిన హార్డ్ డిస్కండి."

"దాని వల్లే సిగ్నల్ చెడుతోంది. డాంగిల్ తీసి అవతలి పక్క పెట్టండి."

పెట్టాను. అంతే, శుభ్రంగా వినిపించింది! మూడు రోజులు కమాండ్లు కొట్టానే గానీ, ఆ ముక్క తోచలేదు చూడండి.

సాయంత్రం క్లాసయ్యాక ఒక పాప అంది: "టీచర్, ఇవాళ మీరు ఒక్కసారి కూడా 'ఏంటీ?' అనలేదు."

ముఖమైనా చూడని ఆ తమ్ముడికి దండం. మీకూ ఇలాంటివాళ్లు తారసపడ్డారా?