అమ్మ గాంధారం

మా అమ్మా పిన్నీ కలిసి పాడుతుంటే రెండు గొంతులని తెలిసేది కాదు. పొదిలి దగ్గర మా ఊళ్లో ఇద్దరూ మిరపకాయల కోతకు వెళ్లేవాళ్లు. చేలో అమ్మ పాట ఎత్తుకునేది, పిన్ని అందుకునేది. ఆదివారం చర్చిలోనూ ఆ వరసల్లోనే పాడేవాళ్లు. తోడుగా అమ్మ మీటే తంబుర ఒక్కటే.

కొన్నేళ్ల క్రితం చర్చికి కీబోర్డు వచ్చింది. వాయించేది పాస్టరుగారి అబ్బాయి, నెమ్మదస్తుడు. మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మా, పాటలో ఒకచోట మీ గొంతు కొంచెం కిందకి జారుతుందండి. కీబోర్డు వింటా పాడండి."

"ఎక్కడయ్యా?"

అతను ఒక మెట్టు నొక్కి చూపించాడు. గాంధారం, సరిగమల్లో 'గ'.

నేను గుంటూరులో బడిపిల్లలకి సంగీతం చెబుతాను. సెలవులకి ఊరెళ్లినప్పుడు అమ్మ ఆ సంగతి అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. తంబుర తీగ మోగుతుంటే గొంతు తనంతట తాను వెళ్లి అందులో కలిసిపోయే చోటు ఒకటుంటుంది. అమ్మ గాంధారం అక్కడ నిలిచేది. కీబోర్డులో ఏ శ్రుతిలోనైనా వాయించుకునే వీలు కోసం పన్నెండు మెట్లనూ సమానంగా పంచారు. ఆ పంపకంలో గాంధారం వెంట్రుకవాసి పైకి జరిగింది.

"నీదీ తప్పు కాదమ్మా, ఆ అబ్బాయిదీ కాదు. రెండూ వేరు."

"వేరైతే ఒకచోట ఎట్టా కలుస్తాయే?" అంది అమ్మ.



పిన్ని కీబోర్డు స్వరాన్ని తొందరగానే పట్టేసింది. ముందు వరసలో ఆమెకి మైకు ఇచ్చారు. అమ్మ ఇంట్లో వంట చేస్తూ సాధన చేసేది. గొంతు పైకి లాగినంతసేపూ లాగి, పాట మలుపు తిరగగానే పాత చోటికే వచ్చేసేది. చర్చిలో పిన్ని స్వరం పక్కన అది వణికినట్టు వినబడేది. ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. మెల్లగా అమ్మ వెనక వరసలోకి జరిగింది. పెదవులు కదిపేది, అంతే. చేలో పిన్ని పాట ఎత్తినా, "నువ్వు పాడవే, నేను వింటాలే" అనేది.

పోయిన వేసవిలో అమ్మకి గుండెజబ్బు ముదిరి గుంటూరు ఆసుపత్రిలో చేర్చాం. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. పిన్ని చూడ్డానికి వచ్చింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, చేలో పాడుకునే పాటొకటి పాడమంది.

పిన్ని సన్నగా ఎత్తుకుంది. మొదటి చరణం పూర్తి కాకుండానే అమ్మ తల అడ్డంగా ఊపింది.

"అట్టా కాదే. మనం పాడినట్టు."

పిన్ని మళ్లీ పాడింది. స్వరం కాస్త దించింది, మరీ దిగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. పాడి చూపించడానికి అమ్మకి ఊపిరి చాలలేదు. పిన్ని నా వైపు చూసింది, నువ్వైనా అందించు అన్నట్టు. ఆ స్వరం ఎక్కడుందో నాకు తెలుసు. పాడబోతే నా గొంతూ కీబోర్డు మెట్టు మీదే ఆగింది.

"రావట్లేదక్కా," అంది పిన్ని.

"పోనీలేవే," అని అమ్మ కళ్లు మూసుకుంది. ఆ వారంలోనే పోయింది.

పిన్ని ఇప్పటికీ చర్చిలో పాడుతుంది, బాగా పాడుతుంది. కోతల్లో ఎవరైనా పాట ఎత్తమంటే మాత్రం నడుం నొప్పిగా ఉందని చెప్పి, తలగుడ్డ ముందుకి లాక్కుని, పక్క సాలులోకి వెళ్లిపోతుంది.