ఆదివారం పెట్టిన కంటి శిబిరం

నూకరత్నానికి ఇరవై నాలుగేళ్ళు. అనకాపల్లి నెహ్రూ చౌక్ దగ్గర ఒక కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. గుమ్మంలోకి వచ్చిన మనిషి ముక్కు చూసి ఏ ఫ్రేము నప్పుతుందో చెప్పేస్తుంది. చెప్పిన పదింటిలో తొమ్మిది తప్పవు. షాపుకి వచ్చే ముసలివాళ్ళు యజమానిని వదిలేసి ఆ అమ్మాయినే పిలవమంటారు. చెవి వెనక గుచ్చుకోకుండా కాడ వంచడం ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

సొంతూరు రాంబిల్లి అవతల సముద్రపు ఒడ్డు. నాన్న వేటకి వెళతాడు, అమ్మ రామాయమ్మ చేపలమ్ముతుంది. డిగ్రీ అయ్యాక రత్నం అనకాపల్లి వచ్చి లేడీస్ హాస్టల్లో చేరింది. మొదటి మూడేళ్ళూ ఊళ్ళో ఆమెకి స్నేహితులంటూ ఎవరూ లేరు. ఆదివారం వస్తే బట్టలు ఉతుక్కోవడం, తలంటు పోసుకోవడం, సాయంత్రం దాకా ఫోన్ చూస్తూ పడుకోవడం. సోమవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే మనిషిని మీరు చూసి ఉండరు. రత్నం అలాగే ఎదురుచూసేది.

ఒకరోజు హాసిని అనే అమ్మాయి అద్దాలు మార్చుకోడానికి షాపుకొచ్చింది. బెల్లం వ్యాపారస్తుల పిల్ల, నోరు మూతపడదు. తనూ స్నేహితులూ కలిసి యువ సేవా క్లబ్బు నడుపుతున్నామనీ, ఆదివారం రక్తదాన శిబిరం ఉందనీ, రమ్మనీ చెప్పింది. రత్నం వెళ్ళింది. సేవ చేద్దామని కాదు, హాస్టల్లో ఆదివారం టిఫిను బాగోదని.

ఇలాంటి క్లబ్బుల మీద మనకి పెద్ద గౌరవం ఉండదు. ఒక అరటిపండు రోగి చేతిలో పెట్టి పదకొండు మంది ఫోటో దిగడం చూసి చూసి ఉన్నాం. ఈ క్లబ్బుకీ ఆ జబ్బు లేకపోలేదు. కోటుకి బ్యాడ్జీలు, బల్లమీద గంట, అధ్యక్షుడు గంట కొడితే గాని ఎవరూ మాట్లాడకూడదన్న పట్టింపు, అన్నీ ఉన్నాయి. కానీ ఉన్నది పన్నెండు మంది, పన్నెండు మందీ పనికి వంగేవాళ్ళే. అధ్యక్షుడు లోహిత్‌కి బైకుల సామాను షాపుంది. కుర్చీలు మోసే పని వస్తే అతనే ముందు మోస్తాడు.

కొత్తగా చేరినవాళ్ళు నిలబడి తమ గురించి ఒక నిమిషం మాట్లాడాలన్నది అక్కడి నియమం. రత్నం లేచి పేరు చెప్పి కూర్చుండిపోయింది. ఎవరూ నవ్వలేదు. తర్వాతి వారం ఊరి పేరు కూడా చెప్పింది. ఆరు నెలలు తిరిగేసరికి గంట కొట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది. మీటింగయ్యాక అందరూ బండి దగ్గర నిలబడి పునుగులు తినేవాళ్ళు. జ్వరమొచ్చి హాస్టల్లో పడుంటే హాసిని చారన్నం తెచ్చిపెట్టింది. అనకాపల్లిలో తనకంటూ మనుషులు ఉన్నారని రత్నానికి అప్పుడే మొదటిసారి అనిపించింది.

అలాంటి రోజుల్లోనే ఆమె, మా ఊళ్ళో కంటి శిబిరం పెడదామంది. నలభై దాటిన ఆడవాళ్ళు సూదిలో దారం ఎక్కించలేక పక్కింటి పిల్లల్ని పిలుస్తారనీ, అద్దాలు పెట్టుకుంటే ముసలైపోయామంటారని జడిసి ఆసుపత్రికి వెళ్ళరనీ చెప్పింది. అందరూ చేతులెత్తారు. అక్కడికక్కడే ఆమెని ఆ శిబిరానికి చైర్‌పర్సన్‌ని చేసి బ్యాడ్జీ పెట్టారు. కంటి డాక్టర్ సత్యలక్ష్మి గారిని మూడు నెలలు బతిమాలితే ఒక్క పూట ఇస్తానన్నారు. ఇంకో పూట అడిగే అవకాశం లేదు. తారీఖు నువ్వే పెట్టు, మీ ఊరు కదా అన్నాడు లోహిత్. రత్నం క్యాలెండరు చూసి ఆదివారం, ఉదయం తొమ్మిదిన్నర అంది.

అదీ ఆమె చేసిన పని.

ఆదివారం నెల జీతం వాళ్ళకి సెలవు. చేపలమ్మే ఆడవాళ్ళకి వారం మొత్తంలో అదే పెద్ద బేరం. రత్నం చిన్నప్పుడు ఏ ఆదివారమూ వాళ్ళమ్మ ఇంట్లో లేదు. తెల్లారకముందే గంప ఎత్తుకుపోయేది, మధ్యాహ్నానికి గాని తిరిగొచ్చేది కాదు. చద్దన్నం తానే కలుపుకుని తిని పెరిగిన పిల్ల నాలుగేళ్ళ హాస్టల్ బతుకులో ఆ సంగతి శుభ్రంగా మర్చిపోయింది. ఫోన్ చేసి తారీఖు చెబితే అవతల అమ్మ ఒక్క క్షణం ఆగి, "ఆదోరమా? సరే, అలగే" అంది. ఆ ఆగడం రత్నానికి వినపడింది. సిగ్నల్ సరిగా లేదేమో అనుకుంది.

శిబిరం దగ్గర పడేకొద్దీ ఆమెకి నిద్ర కరువైంది. యాభై మందైనా రాకపోతే బ్యాడ్జీ తిరిగిచ్చేసి క్లబ్బు మానేద్దామని గట్టిగా అనుకుంది. నమ్మి నెత్తిన పెట్టుకున్నవాళ్ళకి మళ్ళీ మొహం ఎలా చూపించడం? మానేస్తే ఇక మిగిలేది హాస్టలూ, తడిబట్టలూ, ఫోనూ. ఆ ఆలోచన వస్తేనే ఆమెకి భయం వేసేది.

ఆ ఆదివారం రెండు వ్యాన్లలో బయల్దేరి వెళ్ళారు. బడి వరండాకి ఫ్లెక్సీ కట్టారు, కుర్చీలు వేశారు, గోడకి కంటి పరీక్ష అట్ట తగిలించారు. పది దాటింది. వచ్చినవాళ్ళు పదకొండు మంది. అందులో నలుగురు ముసలాళ్ళు, ఒక నిండు చూలాలు. మిగతావాళ్ళు నల్లద్దాలు పంచుతారని ఆశపడ్డ పిల్లలు. వేసిన కుర్చీలు చాలావరకు ఖాళీగానే ఉన్నాయి. డాక్టరు గారు రెండుసార్లు వాచీ చూసుకున్నారు.

పరీక్ష చేయించుకుని లేస్తూ కొర్లయ్య తాత రత్నాన్ని పక్కకి పిలిచాడు. "ఏటే, ఆదోరం పూట ఆడోళ్ళెవలుంటారే ఊళ్ళో? మీ యమ్మ సెప్పనేదా?" అన్నాడు.

రత్నానికి తల కొట్టేసినట్టయింది. బడి వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. కళ్ళనీళ్ళు వచ్చాయి. తుడుచుకుని ముందుకి వచ్చేసరికి లోహిత్ డాక్టరు గారితో మాట్లాడుతున్నాడు. పల్లెలు కదా మేడమ్, వీళ్ళకి అవగాహన ఉండదండీ, మనం ఎంత చేసినా రారు అంటున్నాడు. రత్నాన్ని కాపాడదామనే అతని ఉద్దేశం. ఆమె ఊరుకుంటే సరిపోయేది. తప్పు ఊరిమీదకి పోయేది, బ్యాడ్జీ ఆమె దగ్గరే ఉండేది, పునుగుల బండి దగ్గర ఇంకో కబురు దొరికేది.

"అవగాహన లేంది వాళ్ళకి కాదు మేడమ్, నాకే," అంది రత్నం. "ఈ ఊళ్ళో పుట్టి కూడా ఆదివారం పెట్టేను. ఆడవాళ్ళంతా ఇప్పుడు చేపలమ్ముకుంటన్నారు. ఎలమంచిలి మార్కెట్లో ఉంటారు. మిమ్మల్ని ఊరికే తిప్పేను."

లోహిత్ మొహం ఎర్రబడింది. డాక్టరు గారు మళ్ళీ వాచీ చూసుకున్నారు. తర్వాత, ఎలమంచిలి నేను తిరిగి వెళ్ళే దారే కదా, ఒంటిగంట దాకా ఉంటాను, సామాను ఎక్కించండి అన్నారు. ఆవిడకి కోపం వచ్చిందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మార్కెట్లో అట్టని మూసి ఉన్న ఒక షాపు షట్టరుకి తగిలించారు. చదువురాని వాళ్ళ కోసం దువ్వెన లాంటి బొమ్మలున్న అట్ట అది, పళ్ళు ఎటు తిరిగాయో వేలితో చూపిస్తే చాలు. అంతా సిద్ధమైంది గాని ఒక్కరూ గంప వదిలి లేవలేదు. ఆదివారం పదకొండు గంటలకి గంప ఎవరు వదులుతారు? రత్నం ఈసారి ఎవరి అనుమతీ అడగలేదు. క్లబ్బు వాళ్ళని ఒక్కొక్కరినీ తీసుకెళ్ళి ఒక్కో గంప దగ్గర కూర్చోబెట్టింది. మీరు బేరం చూసుకోండి, వాళ్ళు కళ్ళు చూపించుకుని వస్తారు అంది.

ఆ తర్వాత జరిగిందాన్ని చూడటానికి మార్కెట్లో సగం మంది కొనడం మానేసి నిలబడ్డారు. గుడ్డు కూడా గుమ్మం దాటని ఇంట్లో పుట్టిన హాసిని ముక్కుకి చున్నీ కట్టుకుని నెత్తళ్ళ చేపల గంప ముందు కూర్చుంది. అరగంటలో చున్నీ తీసేసి గట్టిగా కేకలేస్తోంది. చేపల పేర్లు మాత్రం ఒక్కటీ సరిగా చెప్పలేదు. లోహిత్‌కి అప్పలనర్సమ్మ అనే ఆవిడ తన వంజరం చేపలు అప్పగించి వెళ్ళింది. కొనేవాడు గట్టిగా అడిగేసరికి అతను రేటు తగ్గించబోయాడు. ఒక కన్ను చేత్తో మూసుకుని అట్ట ముందు నిలబడ్డ అప్పలనర్సమ్మ ఆ చివరి నుంచే, బాబూ అంత దిగిపోకు అని అరిచింది. ఈవిడకి దూరపు చూపు బాగానే ఉందని డాక్టరు గారు రాసేసుకున్నారు.

ఒంటిగంట కాస్తా రెండయింది. అరవై మూడు మందిని చూశారు. ఎనిమిది మందికి శుక్లాలున్నాయి, ఆపరేషన్ చెయ్యాలి. ఆ ఎనిమిది మందిలో రామాయమ్మ ఒకర్తి. గంప ఖాళీ అయ్యేదాకా కదలనని, అందరికన్నా ఆఖర్న వచ్చింది. ఎడమ కన్ను మూస్తే కుడి కంటికి ఆ బొమ్మల అట్ట కూడా కనపడలేదు.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని రత్నం కోప్పడింది. కంటి సంగతి వదిలెయ్, ఆదివారం సంగతైనా ఎందుకు చెప్పలేదు, ఫోన్లో ఒక్క మాట అంటే మార్చేదాన్ని కదా అంది. రామాయమ్మ నీళ్ళ చెంబు ఎత్తి చేతులు కడుక్కుంది.

"అంతమంది సదువుకున్నోళ్ళల్లో నువ్వో మాట సెప్పేవు. ఆలంతా ఇన్నారు. ఆ మాట నాను తీసెయ్యాలేటి?" అంది. "నాదొక్కదాని గంపైతే ఆ రోజుకి మానేసి వచ్చీదాన్ని. ఊరందరి గంపలూ ఎలగ ఆపుతాను?"

కూతురు తప్పు చెప్పిందని తెలిసి కూడా, ఆ మాట నిలవాలని అమ్మ నోరు మూసుకుంది. ఆ ప్రేమకి దండం పెట్టాలో దెబ్బలాడాలో రత్నానికి తెలియలేదు. చివరికి, ఇంకోసారి అందరి ముందైనా సరే చెప్పెయ్యమ్మా అని మాత్రం అనగలిగింది. రామాయమ్మ ఊఁ అంది గాని, ఆ ఊఁలో నమ్మకం తక్కువే.

తర్వాతి మీటింగులో రిపోర్టు రత్నమే చదివింది. తారీఖు తప్పు పెట్టింది తనేనని మొదటి వాక్యంలోనే ఉంది. చదవడం అయ్యాక బ్యాడ్జీ తీసి బల్లమీద పెట్టి, ఇది వేరే ఎవరికైనా ఇవ్వండి అంది. లోహిత్ గంట కొట్టలేదు. నిలబడి, అవగాహన లేదని ఊరిని అన్నది నేను, అది కూడా రిపోర్టులో రాయండి అన్నాడు. తర్వాత బ్యాడ్జీని ఆమె వైపు తోసి, ఎనిమిది ఆపరేషన్లున్నాయి, ఏ రోజు పెడదాం అని అడిగాడు. సభ్యులందరూ అలవాటు కొద్దీ ఆదివారమే అన్నారు.

రత్నం ఫోన్ తీసి వాళ్ళమ్మకి చేసి, స్పీకర్ పెట్టి బల్లమీద ఉంచింది. అందరూ వింటున్నారమ్మా, ఆపరేషన్లకి ఏ రోజైతే బాగుంటుంది, వీళ్ళు ఆదివారమంటున్నారు అంది. పన్నెండు మందీ ఫోన్ వైపు వంగారు.

"ఆదోరం వద్దు బాబూ," అంది రామాయమ్మ. గొంతు మొదట చిన్నగా ఉంది. "సోమారం పెట్టండి. సోమారం సగం మంది నీసు ముట్టరు, బేరం ఎలాగూ ఉండదు. కన్ను సేయించుకున్నోళ్ళు మళ్ళీ ఆదోరం దాకా ఇంటికాడ పడుంటారు. గంప మాత్రం పది రోజులు ఎత్తకూడదని డాట్రమ్మ సెప్పింది గదా, ఆ ఒక్క ఆదోరం పిల్లలెవలైనా మోత్తారు."

సోమవారమంటే అందరికీ డ్యూటీలున్నాయి. ఎవరో ఆ మాట అన్నారు కూడా. హాసిని చెయ్యెత్తింది, నేను సెలవు పెడతాను అంది. లోహిత్ షాపు మూసేస్తానన్నాడు. ఒక్కో చెయ్యీ లేచింది, మిగిలిన రెండూ కాస్త గొణుక్కుంటూ లేచాయి. బ్యాడ్జీ ఇంకా బల్లమీదే ఉంది. రత్నం దాన్ని తీసి పెట్టుకుంది.

"ఏటి మాటాడరు? నాను సెప్పింది తప్పేటి?" అని ఫోన్లో రామాయమ్మ గాభరాగా అడిగింది.

"తప్పు కాదమ్మా, సోమవారమే పెడుతున్నాం," అంది రత్నం. "అందరూ రాసుకుంటన్నారు."